షక్కర్ సీమలో పీచు పంచాయితీ

బోధన్‌లో షక్కర్ అంటే రెండు. ఒకటి ఊరికి అన్నం పెట్టిన ఫ్యాక్టరీ, రెండోది ఒంట్లో చేరిన బీమారి. 1937లో నిజాం చక్కెర కర్మాగారం పుట్టిన చోటికి షక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో ఆగిపోయింది. బీమారికి మాత్రం లేఆఫ్ లేదు.

ఆ ఫ్యాక్టరీ చేసిన పనేమిటంటే, చెరుకులోంచి పీచును విడదీయడం. వంద టన్నుల గడ ఆడితే ముప్పై టన్నుల దాకా పిప్పి మిగులుతుంది. పిప్పి బాయిలర్ పొయ్యిలోకి, రసం చక్కెర బస్తాల్లోకి. పక్కనే ఉన్న రైస్ మిల్లులదీ ఇంచుమించు అదే పని. వడ్లు తెల్లబడే దారిలో ఊడిన తవుడు నూనె మిల్లులకూ పశువుల దాణాకూ పోతుంది. పోచంపాడ్ నుంచి బాల్కొండ, ఆర్మూర్ దాకా పసుపు చేల పక్కన పండే ఎర్రజొన్న కథ ఇంకా వింత. అది ఇక్కడి రొట్టె కోసం పండదు. విత్తన కంపెనీల గోదాముల మీదుగా ఉత్తరాదికి వెళ్లి అక్కడ పశుగ్రాసానికి విత్తనమవుతుంది.

ఇలా తలా ఒక దారిన బయటికి పోయిన పీచు ఇప్పుడు డబ్బాల్లో, ప్యాకెట్లలో తిరిగొస్తోంది. మెడికల్ షాపులో ఇసాబ్‌గోల్, సూపర్ మార్కెట్‌లో ఓట్స్, ‘పీచు ఎక్కువ’ అని రాసిన బిస్కెట్లు, షుగర్ ఉన్నవాళ్లకని విడిగా పెట్టిన బియ్యం బస్తాలు. పొద్దున నడకకొచ్చినవాళ్ల ముచ్చట్లలో వైద్యం ఇంకా చవక. “మెంతులు నానబెట్టి తాగుతున్న, ఫాస్టింగ్ ముప్పై దిగింది” అని ఒకరు. “అన్నం బంద్ చేసి కొర్రలు వట్టుర్రి, గోలీలతోని పనే ఉండది” అని ఇంకొకరు.

పీచు తింటే షుగర్ తగ్గుతుందన్న మాట అబద్ధమైతే తోసేసి ఊరుకోవచ్చు. చిక్కేమిటంటే అది అబద్ధం కాదు. ఎంత పీచు, ఏ పీచు, ఎవరికి, ఎన్నాళ్లు, దేనికి బదులు అనే ఐదు ప్రశ్నలను వదిలేసి తిరుగుతున్న నిజం. ఆ ఐదింటినీ వెనక్కి తెచ్చి పెడితే అదే మాట ఎంత చిన్నదవుతుందో, చిన్నదయ్యాక కూడా ఏమి మిగులుతుందో చూడటమే ఈ కథనం.

చెంచాడు మెంతులు, వంద గ్రాముల పిండి

మెంతుల కథ వెతకడానికి దూరం పోనక్కర్లేదు, హైదరాబాద్ తార్నాక చాలు. అక్కడి జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురాం, ఎన్. సుధాకర్‌రావు టైప్-1 మధుమేహం ఉన్నవాళ్ల మీద మెంతులను పరీక్షించి 1990లో ఫలితాలు ప్రచురించారు. పది రోజులు మెంతిపిండి కలిపిన భోజనం, పది రోజులు కలపని భోజనం, రెండింట్లో కేలరీలు సమానం. మెంతులు తిన్న రోజుల్లో ఫాస్టింగ్ తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం పడిపోయింది.

54 శాతం చిన్న సంఖ్య కాదు. మెంతులంటే మన ఇళ్లలో ఉన్న నమ్మకానికి ఇలాంటి పరిశోధనలు దన్నుగా నిలిచాయి. అయితే ఆ భోజనంలో కలిపిన మోతాదు రోజుకు 100 గ్రాములు! నూనె తీసిన మెంతిపిండి, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. చిన్న చెంచాతో తీస్తే మెంతులు నాలుగైదు గ్రాములు తూగుతాయి. అంటే పరీక్షలో వాడినదానిలో ఇరవయ్యో వంతు. ఇక గింజలు పారబోసి నీళ్లు మాత్రమే తాగేవాళ్ల సంగతికొస్తే, పనిచేసిందని పరిశోధకులు చెప్పిన సరుకులో ఎక్కువ భాగం వాళ్ల సింకులోకే పోతోంది. మెంతి గింజ బరువులో దాదాపు సగం పీచే.

శర్మ బృందమే తర్వాత టైప్-2 ఉన్న 60 మందికి రోజుకు 25 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చి చూసింది. వందతో పోలిస్తే తినగలిగిన మోతాదే. అయినా పాతిక గ్రాముల మెంతిపిండిని రోజూ రొట్టెలోకో పప్పులోకో దించాలంటే ఎంత చేదు మింగాలో వంటింటికి తెలుసు. మెంతులు పనిచేయవని దీనర్థం కాదు. తార్నాకలో పనిచేసినవీ మన గ్లాసులో నానుతున్నవీ ఒకే మందు కావు, అంతే.

ఈ రకం తికమక ఆరోగ్య ప్రచారాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. పదార్థం పేరు మిగులుతుంది, మోతాదు జారిపోతుంది.

జిగురు రహస్యం

పీచు షుగర్‌ను ఎలా తగ్గిస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు గోకరకాయలో దొరికింది. ఆంధ్ర వైపు గోరుచిక్కుడు అంటారు. దాని ముదురు గింజలోంచి తీసే జిగురు ఐస్‌క్రీమ్ నుంచి చమురు బావుల దాకా వాడతారు. ప్రపంచానికి దాన్ని ఎక్కువగా పంపేది రాజస్థాన్. 1976లో ఇంగ్లండ్‌లో డేవిడ్ జెంకిన్స్ బృందం ఈ జిగురును, పండ్లలో దొరికే పెక్టిన్‌ను కలిపి మధుమేహం ఉన్నవాళ్లకు భోజనంలో పెట్టింది. తిన్నాక షుగర్ ఎగబాకడం బాగా తగ్గింది. పరీక్షించింది పదకొండు మందినే గానీ, ‘లాన్సెట్’లో వచ్చిన ఆ చిన్న వ్యాసం పెద్ద చర్చకు తలుపు తీసింది.

రెండేళ్ల తర్వాత వాళ్లే ఇంకో తెలివైన పని చేశారు. రకరకాల పీచులను గ్లూకోజ్‌తో కలిపి ఇచ్చి పోల్చారు. ఎంత చిక్కగా, జిగటగా ఉంటే అంత బాగా పనిచేసింది. గోకర జిగురునే ముక్కలు చేసి, జిగట పోగొట్టి ఇస్తే ఫలితం మాయమైంది. బరువు అదే, పీచూ అదే, జిగట పోయింది కాబట్టి పని పోయింది. ‘ఇంత పీచు ఉంది’ అని అట్టపెట్టె మీద రాసే అంకె ఒక్కటే ఎందుకు చాలదో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

పోచంపాడ్ మనిషికి ఇది వివరించడం తేలిక. అక్కడి శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 42 గేట్లు. పైనుంచి వచ్చిన గోదావరినంతా ఒక్కసారి వదిలితే దిగువ ఊళ్లు మునుగుతాయి. అవే నీళ్లను కాకతీయ కాలువకింత, సరస్వతి కాలువకింత, లక్ష్మి కాలువకింత అని రోజుల తరబడి వదిలితే పొలాలు పండుతాయి. జిగట పీచు కడుపులో గేట్లు దించుతుంది. అన్నంలోని పిండి చక్కెరగా మారి నెత్తుట్లోకి చేరడం నెమ్మదిస్తుంది, ఎగబాకే శిఖరం తగ్గుతుంది. అయితే డ్యాములోకి వచ్చే నీళ్లే ఎక్కువైతే గేట్లెన్ని ఉండి ఏం లాభం? కంచంలో అన్నం గుట్ట అలాగే ఉంచి పక్కన ఇసాబ్‌గోల్ తాగేవాళ్లది ఈ పరిస్థితే.

ఇంతకీ మనం కూర వండుకునే లేత గోకరకాయలో ఆ జిగురు అంతగా ఉండదు, అది ముదిరిన గింజలో చేరే సరుకు. కూర మంచిదే, మందని మాత్రం అనుకోకూడదు. ఇంకో మెలిక బ్రెడ్డులో ఉంది. తిన్నాక షుగర్ పెరిగే వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచి మైదా బ్రెడ్డుకు 75 అయితే ముడి గోధుమపిండి బ్రెడ్డుకు 74. పీచు రెట్టింపుకు మించి ఉన్నా మెత్తగా విసిరేసరికి షుగర్ పెరిగే వేగంలో ఇద్దరూ అన్నదమ్ములే అయిపోయారు.

పాత పట్టికలోని పొట్టు

చిరుధాన్యాల దుకాణాల్లో, కరపత్రాల్లో, ఫోన్లలో తిరిగే ఒక పట్టిక ఉంది. బియ్యంలో పీచు 0.2, జొన్నలో 1.6, రాగిలో 3.6, సామల్లో 7.6, కొర్రల్లో 8, అరికెల్లో 9, ఊదల్లో 9.8 గ్రాములు, అన్నీ వంద గ్రాములకు. దాన్ని చూసినవాళ్లెవరైనా జొన్నను పక్కనపెట్టి అరికెల కోసం సంచి పట్టుకుని బయల్దేరతారు. ఈ సంఖ్యలు ఎవరో కల్పించినవి కావు. 1971లో జాతీయ పోషకాహార సంస్థ నుంచి సి. గోపాలన్ బృందం తెచ్చిన, దేశమంతా ప్రామాణికంగా వాడిన ఆహార విలువల పుస్తకంలోవే.

అయితే ఆ పుస్తకం కొలిచింది ‘ముతక పీచు’ను. గింజను యాసిడ్‌లో ఉడికించి, క్షారంలో ఉడికించి, చివరికి కరగకుండా మిగిలిందే పీచని లెక్కగట్టే పాత పద్ధతి అది. అంత కఠినమైన ఉడుకుకు తట్టుకునేది ఎక్కువగా పొట్టు, చెక్కలాంటి భాగం. మన పేగుల్లో అంత యాసిడ్ ఉడుకు ఉండదు కాబట్టి మనిషికి అరగకుండా పోయే పీచు అంతకంటే చాలా ఎక్కువ. అందులో కరిగే రకాలూ ఉంటాయి. 2017లో అదే సంస్థ టి. లోంగ్వా ఆధ్వర్యంలో కొత్త పట్టికలు తెచ్చింది. ఈసారి కొలిచింది మొత్తం ఆహార పీచు.

వరస తారుమారైంది. జొన్న 1.6 నుంచి 10.22కు ఎక్కింది. రాగి 11.18. సామలు 7.72 దగ్గరే ఆగాయి. అరికెలు 6.39కి దిగాయి. చిరుధాన్యాల సభల్లో ఎప్పుడూ తిట్లు తినే గోధుమపిండి 11.36తో జొన్ననే దాటింది. పొట్టుతో కప్పి ఉండే చిన్న గింజలు పాత పద్ధతిలో ఎందుకు అంత వెలిగాయో, పొట్టు లేని జొన్న ఎందుకు అంత చిన్నబోయిందో ఊహించడం కష్టం కాదు. యాభై ఏళ్ల కిందటి పుస్తకం తన కాలానికి సరైనదే. కొత్తది వచ్చాక కూడా పాతదాన్నే ఫార్వర్డ్ చేయడంలోనే తప్పంతా ఉంది. పైగా ఈ తప్పుకు నష్టపోయింది ఎవరంటే, తరతరాలుగా నిజామాబాద్ జిల్లా తిన్న జొన్నరొట్టె.

అదే కొత్త పట్టికలో తెల్లబియ్యం 2.81, ముడిబియ్యం 4.43. తవుడు పోయిందని మనం ఇంత బాధపడుతున్నా, బియ్యంలో దానితో పోయిన పీచు వంద గ్రాములకు గ్రామున్నర పైచిలుకు మాత్రమే. ఈ చిన్న తేడాను గుర్తుపెట్టుకుంటే చెన్నై నుంచి వచ్చిన రెండు ఫలితాలు తేలిగ్గా అర్థమవుతాయి.

ఐదు రోజులు, మూడు నెలలు

చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం, హార్వర్డ్ పరిశోధకులతో కలిసి, అధిక బరువున్న 15 మందికి ఐదేసి రోజులు తెల్లన్నం, ముడిబియ్యం అన్నం, ముడిబియ్యంతో పాటు పప్పుధాన్యాలు పెట్టి, ఒంటికి అంటించిన సెన్సర్లతో రోజంతా షుగర్ కొలిచింది. 2014లో వచ్చిన ఫలితం: తెల్లన్నంతో పోలిస్తే ముడిబియ్యంతో షుగర్ పెరుగుదల దాదాపు 20 శాతం తక్కువ, పప్పులు కలిస్తే 23 శాతం తక్కువ. పత్రికలకు ఇంతకంటే మంచి శీర్షిక ఏముంటుంది?

ఆ పరిశోధకులే ఆగకుండా పెద్ద పరీక్షకు దిగారు. 166 మంది, మూడేసి నెలలు, చీటీ వేసినట్టు గుంపులుగా విడగొట్టి. 2019లో అచ్చయిన ఆ ఫలితంలో రెండు బియ్యాల మధ్య మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అప్పటికే నడుము లావు, బీపీ, కొవ్వు వంటి ముప్పులు కూడగట్టుకున్నవాళ్లలో మాత్రం మూడు నెలల షుగర్ సగటు కొంచెం మెరుగైంది. మొదటి వార్త విన్నవాళ్లు వందలు, రెండోది విన్నవాళ్లు పదుల్లో కూడా ఉండరేమో. తమ ఫలితాన్ని తామే ఇంకా కఠినంగా పరీక్షించుకుని, చిన్నబోయినా అచ్చేసుకున్న ఆ బృందాన్ని మాత్రం మెచ్చుకోవాలి.

తెలంగాణ సోనా సంగతీ ఈ కోవలోదే. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 2015లో విడుదలైన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం మిల్లుల దగ్గర సన్నబియ్యంగా పేరు తెచ్చుకుంది, ఆపై షుగర్ ఉన్నవాళ్ల బియ్యంగా ప్రచారమైంది. గ్లైసీమిక్ సూచి 51, 52 మధ్య తేలడం దానికి ఆధారం. 55 లోపుంటే తక్కువ సూచి కిందే లెక్క, మాట అబద్ధం కాదు. కానీ సూచిని కొలిచే పద్ధతి చూడండి. పదిమంది ఆరోగ్యవంతులకు, సరిగ్గా 50 గ్రాముల పిండిపదార్థం ఉన్న ముద్ద పెట్టి, రెండు గంటల పాటు షుగర్ చూసి, గ్లూకోజ్ తాగినప్పటితో పోలుస్తారు. బియ్యం వేగాన్ని కొలుస్తారు తప్ప మనిషి ఎంత తింటాడన్నది కొలవరు.

ఆ లెక్క మనమే వేద్దాం. వండిన అన్నం వంద గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాములనుకుందాం. 70 సూచి ఉన్న మామూలు అన్నం మూడు వందల గ్రాములు తింటే షుగర్ మీద పడే భారం (పిండిపదార్థం గ్రాములను సూచితో గుణించి వందతో భాగిస్తే వచ్చేది) 59. అంతే సోనా అన్నం తింటే 44. బాగా తగ్గింది. ఇది షుగర్ బియ్యమే కదా అని ఇంకో హస్తం వేసుకుని నాలుగు వందలు తింటే? 58. బస్తా మీద పెట్టిన అదనపు రూపాయలన్నీ ఆ ఒక్క హస్తంలో కలిసిపోయాయి. మంచి వంగడాన్ని తక్కువ చేయడానికి ఈ లెక్క కాదు. వంగడం చేయగలిగిన పని ఎక్కడ ముగిసి గరిటె పని ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి.

ఇక్రిశాట్ చెప్పింది, ఐసీఎంఆర్ చెప్పింది

చిరుధాన్యాల మీద ఇప్పటిదాకా వచ్చిన పెద్ద లెక్క కూడా మన పక్కనుంచే వచ్చింది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నేతృత్వంలో, జాతీయ పోషకాహార సంస్థ, ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వంటివి కలిసి, ఎస్. అనిత ప్రధాన రచయితగా 2021లో ఒక సమీక్ష ప్రచురించాయి. పదకొండు దేశాల నుంచి 80 అధ్యయనాలు పోగేసి, 65 అధ్యయనాల అంకెలను కలిపి లెక్కగట్టారు. చిరుధాన్యాల సగటు సూచి 52.7, అంటే తెల్లబియ్యం, మైదా కంటే బాగా తక్కువ. మధుమేహం ఉన్నవాళ్లలో ఫాస్టింగ్, తిన్నాక షుగర్ 12 నుంచి 15 శాతం తగ్గాయి. షుగర్ అంచున ఉన్నవాళ్లలో మూడు నెలల సగటు 17 శాతం తగ్గింది.

ఈ 17 దగ్గర కాస్త ఆగాలి. మూడు నెలల సగటును కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్షే శాతంలో ఉంటుంది. 6.4 ఉన్న మనిషికి అందులో 17 శాతం తగ్గితే ఒక పాయింటు పైన దిగి 5.3కి వచ్చినట్టు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ గోలీ తెచ్చే మార్పుకు అది దాదాపు సమానం. తిండి మార్పు ఒక్కదానితో అంత ఫలితమంటే సంతోషించాలి, సంతోషిస్తూనే తరాజును ఇంకోసారి సరిచూసుకోవాలి. ఆ 65 అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు మొత్తం సుమారు వెయ్యి మంది. సగటు తీస్తే ఒక్కోదానిలో పదిహేను మంది. చిన్న పరీక్షల్లో గొప్ప ఫలితాలొచ్చినవి అచ్చయినంత తేలిగ్గా ఏమీ తేలనివి అచ్చు కావు. జొన్న, సజ్జ ఇక్రిశాట్ పుట్టినప్పటి నుంచి పనిచేస్తున్న పంటలన్నదీ పాఠకుడు మనసులో పెట్టుకోవలసిన విషయమే. అది తప్పని కాదు, పసుపు రైతును పసుపు గురించి అడిగినప్పుడు గుర్తుంచుకునే విషయం లాంటిదే. ఇంకో ముచ్చట, ఆ సమీక్షే కొర్రలను తక్కువ సూచి వరసలో, జొన్న, రాగి, సామలు, అరికెలను మధ్య వరసలో పెట్టింది. ఆ మాట కరపత్రాల దాకా రాలేదు.

ఇక 2025 సెప్టెంబరు చివర వేరే మాట వచ్చింది. మధుమేహం మీద దేశమంతా చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే నుంచి 18,090 మంది తిండి వివరాలు తీసుకుని చేసిన విశ్లేషణ ‘నేచర్ మెడిసిన్’లో అచ్చయింది. మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లబియ్యం తీసేసి అంతే గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టుకున్నంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థంలో కొంత తగ్గించి ఆ చోట పప్పులో, పాలో, పెరుగో చేరినచోట తగ్గినట్టు కనబడింది.

ఒకరు తగ్గుతుందంటే ఇంకొకరు తగ్గదంటారేమిటని విసుక్కోవడం తేలిక. నిజానికి ఇద్దరూ కొలిచింది ఒకటి కాదు. ఇక్రిశాట్ జమచేసినవి తిండి పెట్టి చూసిన పరీక్షలు, మనుషులు తక్కువ, కాలం తక్కువ. ఐసీఎంఆర్‌ది ఒక్క నిమిషంలో తీసిన పెద్ద ఫొటో, మనుషులు వేలల్లో ఉన్నా ఏది ముందు, ఏది వెనక అన్నది ఫొటోలో తెలియదు. రెండింటినీ పక్కపక్కన పెడితే తేలేది ఒకటుంది. అన్నం గుట్ట స్థానంలో అంతే ఎత్తున జొన్నగట్క గుట్ట పెడితే ఆశించినంత ఫలితం రాదు. జొన్న తెచ్చినవాడు పనిలో పనిగా గుట్ట కూడా తగ్గించాలి.

185

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేయడంతో పోలింగ్ కేంద్రంలో ఓటు యంత్రాలను గోడ పొడుగునా పేర్చాల్సి వచ్చింది. కాకతాళీయమే గానీ, అదే ఏడాది ‘లాన్సెట్’లో పీచు మీద వచ్చిన అతిపెద్ద సమీక్షలో పోగేసిన దీర్ఘకాలిక పరిశీలనలూ సరిగ్గా 185. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ రేనాల్డ్స్, జిమ్ మాన్ బృందం వాటికి 58 ప్రయోగ పరీక్షలనూ జతచేసి లెక్క తీసింది. పీచు బాగా తినేవాళ్లలో గుండెజబ్బు, పక్షవాతం, టైప్-2 మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్, మరణాలు 15 నుంచి 30 శాతం తక్కువ. రోజుకు 25 నుంచి 29 గ్రాముల దగ్గర లాభం బాగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాములని చెప్పింది.

ఈ సమీక్షలో అన్నిటికంటే విలువైనది ఎవరూ చదవని భాగం. తమ ఆధారం ఎంత గట్టిదో రచయితలే మార్కులు వేసుకున్నారు. పీచుకు ‘మధ్యస్థం’. గ్లైసీమిక్ సూచికి ‘తక్కువ నుంచి బాగా తక్కువ’. బియ్యం బస్తాల మీద పెద్దక్షరాలతో మెరుస్తున్న సూచికేమో అత్తెసరు మార్కులు, ఎవరూ అచ్చేయని పీచు గ్రాములకేమో పాస్ మార్కులు!

ఆ బృందమే 2020లో మధుమేహం ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతి విడిగా చూసింది. పీచు పెంచితే మూడు నెలల సగటు దాదాపు 0.2 పాయింట్లు, ఫాస్టింగ్ 10 పాయింట్ల మేర తగ్గాయి. రోజుకు ఇంకో 15 గ్రాములు చేర్చడం, లేదా 35కు చేరడం లక్ష్యంగా పెట్టుకోవచ్చన్నారు. 0.2 అంటే మెట్‌ఫార్మిన్ చేసే పనిలో ఐదో వంతు. గోలీ మానేయడానికి ఇది ఏ మూలకూ చాలదు. గోలీతో పాటు, బరువుకూ కొవ్వుకూ కూడా మేలు చేస్తూ ఏళ్ల తరబడి వచ్చే లాభమని చూస్తే వదులుకునేదీ కాదు.

ముప్పై ఎలా దిగింది?

మళ్లీ నడక దారిలోని ముచ్చటకు వద్దాం. మెంతుల నీళ్లతో ఫాస్టింగ్ ముప్పై దిగిందన్న మనిషి అబద్ధమాడలేదు. ఆయన మెంతులు ఎప్పుడు మొదలుపెట్టారు? పరీక్షలో ఎన్నడూ లేనంత అంకె వచ్చి, గుండె గుబేలుమన్న మరుసటి వారం. అదే వారం నడక మొదలైంది, చాయ్‌లో చక్కెర తగ్గింది, డాక్టరు గోలీ డోసు పెంచారు. పైగా ఎన్నడూ లేనంత ఎక్కువొచ్చిన అంకె, ఏమీ చేయకపోయినా మరుసటిసారి కొంత దిగడానికే మొగ్గుతుంది. పెళ్లి విందు మరునాటి రీడింగు రోజూ రాదు కదా. ఇన్ని చేతులు కలిపి దించిన బరువుకు మెప్పంతా మెంతులకే దక్కింది.

అసలు దిగిందో లేదో కూడా చూడాలి. ఇంట్లో వేలు గుచ్చి చూసే మిషన్లకు అంతర్జాతీయ ప్రమాణమే 15 శాతం అటూఇటూ వెసులుబాటు ఇస్తుంది. నెత్తుట్లో అసలు 150 ఉంటే మిషన్ 128 చూపినా 172 చూపినా ప్రమాణం ప్రకారం అది మంచి మిషనే. సోమవారం 168, గురువారం 140 వచ్చి, మధ్యలో కొర్రల కిచిడీ తిన్నంత మాత్రాన తీర్పు ఇచ్చేయడం తొందరపాటు. తిండి మార్పు పనిచేసిందో లేదో చెప్పాలంటే మూడు నెలలు ఆగి ల్యాబులో హెచ్‌బీఏ1సీ చూసుకోవడం మేలు. ఈలోగా గోలీలు, ఇన్సులిన్ ఎవరంతట వారు ఆపడం ప్రమాదం. టైప్-1 ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికే వస్తుంది. 1990 నాటి మెంతుల పరీక్షలో పాల్గొన్నది ఇన్సులిన్ మీద బతికేవాళ్లేనని మరవకూడదు.

జబ్బు నయమవుతుందనే ప్రచారాల విషయంలో చట్టం ఎప్పుడో మేలుకుంది. మందులు, మాయ వైద్యాల ప్రకటనల చట్టం 1954లోనే వచ్చింది. నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల జాబితాలో మధుమేహం ఉంది. ఆహార ప్యాకెట్లకు 2018 నిబంధనలున్నాయి: వంద గ్రాములకు 3 గ్రాముల పీచుంటే ‘పీచు ఉంది’ అనొచ్చు, 6 ఉంటే ‘పీచు ఎక్కువ’ అనొచ్చు. బిస్కెట్ కంపెనీ నిబంధన తప్పడం లేదు. కానీ ఏడు గ్రాముల బిస్కెట్‌లో ఆ ‘ఎక్కువ’ అర గ్రాము కూడా కాదు. పీచుతో పాటు మైదా, చక్కెర, నూనె కూడా అదే బిస్కెట్‌లో ఉంటాయి.

కంచం లెక్క

రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం, నలభై గ్రాముల కందిపప్పు తినే ఇంటి మనిషిని తీసుకుందాం. పోచంపాడ్ కాలువ కింద ఇది పెద్ద తిండేమీ కాదు. కొత్త పట్టికల ప్రకారం ఆ బియ్యంలో పీచు 11 గ్రాములు, పప్పులో మూడున్నర. కూరగాయలు పక్కనపెడితే మొత్తం 15 లోపే.

అదే మనిషి బియ్యాన్ని రెండు వందలకు దించి, రాత్రిపూట నూట యాభై గ్రాముల పిండితో జొన్నరొట్టెలు తిని, సాయంత్రం చాయ్‌తో బిస్కెట్ల బదులు నలభై గ్రాముల శనగలు గుడాలు చేసుకుంటే? బియ్యం నుంచి ఐదున్నర, జొన్న నుంచి పదిహేను, పప్పు నుంచి మూడున్నర, శనగల నుంచి పది. మొత్తం 34 పైన. ఒటాగో వాళ్లు చెప్పిన లక్ష్యానికి ఒక బెండకాయ కూర దూరం. కేలరీలు పెరగలేదు సరికదా కొంచెం తగ్గాయి కూడా. ఈ లెక్కలో అందరికంటే గట్టిగా పనిచేసింది చిరుధాన్యం కాదు, శనగ గుడాలు. వంద గ్రాములకు పాతిక గ్రాముల పీచుతో పెసలనూ కందినీ దాటేసిన ఆ గింజకు ఇంతవరకు ఒక్క కరపత్రం పడలేదు.

ఒక్కరోజులో పదిహేను నుంచి ముప్పై నాలుగుకు దూకితే కడుపుబ్బరం, గ్యాసు తప్పవు. నాలుగో రోజుకు మానేసేవాళ్లు ఎక్కువగా దీనివల్లే మానేస్తారు. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుతూ, నీళ్లు ఎక్కువ తాగుతూ పోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పులు, శనగలు పెంచేముందు డాక్టరును అడగాలి.

నిజామాబాద్ వీధుల్లో సాయంత్రమయ్యేసరికి ఇప్పుడు జొన్నరొట్టెల పొయ్యిలు వెలుగుతున్నాయి. స్కూటర్లు ఆగుతాయి, రొట్టెలు పేపర్లో చుట్టి చేతికందుతాయి. పెళ్లిళ్లలోనూ జొన్నరొట్టె కౌంటర్ మర్యాదైపోయింది. చప్ చప్‌మని చేత్తో రొట్టె చరుస్తున్న ఆమె ముందు వరస పొడుగ్గానే ఉంటుంది. “షుగరున్నది, ఒక్క రొట్టె చాలమ్మా” అని తీసుకుని, వంకాయ కూరతో తృప్తిగా తిని, అదే పళ్లెం పట్టుకుని పక్క కౌంటర్‌కు నడుస్తారు. అక్కడ బగారన్నం. ఆ పక్కన డబుల్ కా మీఠా.